వంద తగ్గించు అన్నా!

ఫ్యాన్సీ నంబరుకి వేలంలో వేలకు వేలు పోసినవాడే బీమా దగ్గరకొచ్చేసరికి "ఇంకో వంద తగ్గించు అన్నా" అని బతిమాలతాడు. ఏజెంటు ఎక్కడ తగ్గిస్తాడండీ? 75 నుంచి 150 సీసీ బండికి థర్డ్ పార్టీ ప్రీమియం ఏడాదికి 714 రూపాయలు, జీఎస్టీ అదనం. 2022లో కేంద్రం ఖరారు చేసిన రేటది. ఏ కంపెనీ గడప తొక్కినా అంతే.

బేరం కుదిరేది సొంత డ్యామేజీ భాగంలోనే. అక్కడ ఏజెంటు నవ్వుతూ ఐడీవీ, అంటే బండికి కట్టే బీమా విలువ, కోసేస్తాడు. బండిని దొంగ ఎత్తుకుపోతే చేతికొచ్చే సొమ్ముకి అదే లెక్క. డెబ్బై వేల బండి కాగితం మీద నలభై వేలకు దిగుతుంది. ఆ ఆనందంలో ఏజెంటుకి టీ కూడా మనమే పోయిస్తాం! దొంగ మాత్రం డెబ్బై వేల బండే తోలుకుపోతాడు.

అసలు బీమాయే కట్టని మహానుభావుల సంగతి వేరు. పట్టుబడితే మొదటిసారి జరిమానా 2,000. రెండేళ్ల ప్రీమియం కట్టినా అందులో చిల్లర మిగిలేది. ఎవరినైనా గుద్దితే పరిహారం సొంత జేబులోంచే.

పాలసీ తీసి ఐడీవీ అంకె ఓసారి చూసుకోండి సార్. టీ డబ్బులు ఎటూ ఇచ్చేశారు కదా!