కొటేషన్ గారు

అరకులోయలో మంచు దిగిందంటే విశాఖలో కొటేషన్ గారికి చేతినిండా పని. వృత్తి డీటీపీ, వ్యసనం దానధర్మం. అంటే దుప్పట్లు ఎవరో ఇస్తారు, ఈయన పోస్టరిస్తారు.

వెనక పసుపుపచ్చని వలిసె పూలు, ఓ మూల థింసా ఆడే ఆడవాళ్లు, పైన సూర్యోదయం. పంపిణీ సాయంత్రమైనా సరే, సూర్యోదయం ఉండి తీరాలి. ఆ తర్వాత అసలు ఘట్టం, సూక్తి. పుస్తకం తెరిచే అలవాటు ఆయనకు లేదు. వాక్యం వాటాన్ని బట్టి కర్తను తేలుస్తారు. రక్తం మరిగితే శ్రీశ్రీ, కళ్లు చెమరిస్తే మదర్ థెరిసా, కలలుంటే కలాం. ఎటూ తేలకపోతే గురజాడ. విజయనగరం పక్కనే కదా, మనవాళ్లే!

"ఇది ఆయన రాయలేదండీ" అన్నానోసారి.

"రాసుండాల్సిందండీ" అన్నారు, ఆయన తరఫున నొచ్చుకుంటూ.

అను ఫాంట్లలో కొట్టింది ప్రెస్సు కంప్యూటర్లో తెరిస్తే వత్తులన్నీ చెల్లాచెదురైపోతున్నాయని యూనికోడ్‌కు మారి, 'గిడుగు' ఫాంటు పట్టుకున్నారు. ఆ గిడుగు రామమూర్తి పంతులు (1863–1940) ఈ తూర్పు కనుమల్లోనే, పర్లాకిమిడి వైపు, సవరల భాష నేర్చుకున్నారనీ, వాళ్ల పిల్లలకు బడి పెట్టారనీ, ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు రాశారనీ చెప్పాను. కొటేషన్ గారు పులకించిపోయారు.

"అబ్బ! దీన్నో పోస్టరు చేసేద్దాం!"

ఆయన ఫ్లెక్సీ డుంబ్రిగూడ వైపు ఓ సంతలో పనస చెట్టుకు కట్టారు. చుట్టూ ఆదివాసీ ఒడియాలో బేరాలు. ఫ్లెక్సీ మీద సమాసాల తెలుగు. ఓ పెద్దాయన కాసేపు దాన్ని ఎగాదిగా చూసి అడిగాడు:

"దుప్పట్లెక్కడ ఇత్తన్నారు బాబూ?"

నేనూ వెతికాను. సూక్తి ఉంది, కర్త ఉన్నాడు, నవ్వుతున్న దాతలు రెండు వరసలున్నారు. చోటూ తేదీ లేవు. ఫోన్ చేస్తే కొటేషన్ గారు తాపీగా చెప్పారు:

"సూక్తి కాస్త పొడుగైందండీ. చోటు చాల్లేదు."

ఫ్లెక్సీలు మాత్రం వృథా పోవు. సీజన్లో చూడండి, మహాకవి మీద మిరియాలు, మదర్ థెరిసా మీద కాఫీ గింజలు ఆరుతుంటాయి. 2022 ఆగస్టులో అప్పటి ముఖ్యమంత్రి విశాఖలోనే ప్లాస్టిక్ ఫ్లెక్సీల నిషేధం ప్రకటించినప్పుడు కొటేషన్ గారు రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. మూడో రోజు గుడ్డ బ్యానర్లకు దిగారు. నా లెక్కన ఆయన సాహిత్యసేవలో అదే పెద్ద మలుపు. గుడ్డయితే కప్పుకోవచ్చు.

కాబట్టి దాతలకో మనవి. ఈ ఏడు బ్యానరు కట్టించక తప్పదనుకుంటే, కాస్త దళసరి గుడ్డ చూడండి.