ఎనిమిది మార్కుల బొద్దింక (టీకాతాత్పర్యసహితము)

మూలము: పెరిప్లానెటా అమెరికానా రక్తప్రసరణ వ్యవస్థను వర్ణించి, చక్కని పటం గీచి, భాగాలు గుర్తించండి.

అవతారిక: ఏళ్ల తరబడి సాగిన ఇంటర్మీడియట్ పద్ధతిలో, బైపీసీ మొదటి సంవత్సరపు జువాలజీ పత్రము 60 మార్కులది. 2 మార్కులవి పది, 4 మార్కులవి ఆరు ముగించి వ్రేళ్లు నొచ్చిన విద్యార్థికి, చివర మూడింటిలో రెండు వ్రాయుమని విధించిన దీర్ఘప్రశ్నల జాతిలోనిది ఇది. దీనిపై లెక్చరర్లు చుక్కగుర్తు పెట్టి "వెరీ ఇంపార్టెంట్" అందురు. అంతకు మించిన ఫలశ్రుతి లేదు.

టీక:

పెరిప్లానెటా అమెరికానా = బొద్దింక. అమెరికానా అనుటచేత ఇది అమెరికాలో పుట్టినదని భ్రమపడరాదు. దీని పుట్టిల్లు ఆఫ్రికా. సరకుల ఓడలెక్కి ఆవలి తీరము చేరినది. 1758లో లిన్నేయస్ దీనికి చేరిన దేశపు పేరే తగిలించినాడు. తప్పేమున్నది? మనమును అమెరికా అల్లుడనియే అందుము గాని అమలాపురం అల్లుడనము.

రక్తప్రసరణ వ్యవస్థను = వీపు క్రింద నిడుపుగా సాగిన 13 గదుల గుండెను, దాని ప్రక్కల నుండు ఆస్టియా అను రంధ్రములను, 12 జతల పక్షాకార కండరములను, అవయవములన్నియు మునిగియుండు రక్తకుహరమును.

వర్ణించి = గైడులో ఉన్నది ఉన్నట్లు దింపి. "చూచి" అని పాఠాంతరము కలదని కొందఱందురు. ఏ ప్రశ్నపత్రములోను అట్లు కనబడదు గనుక అది చింత్యము.

చక్కని = చెక్కిన హెచ్‌బీ పెన్సిలుతో గీచినట్టిదియు, రబ్బరు మరక లేనట్టిదియు. షేడింగు నిషిద్ధము.

గుర్తించండి = గీతలు ఒకదానినొకటి దాటకుండ స్కేలుతో లాగి, కుడివైపున పేర్లు వ్రాయండి. హాస్టలు మెస్సులో సాంబారు గంగాళము వెనుక దూరిన దానిని గుర్తించుట ఇచట వివక్షితము కాదు.

తాత్పర్యము: ఓ విద్యార్థీ! బొద్దింక గుండె వెనుక కొసన మూసుకొని, ముందు కొసన మహాధమనిగా తలవైపు సాగును. గదులు వెనుకనుండి ముందునకు వరుసగా ముడుచుకొనగా రక్తము తలలోనికి పోయి, అచట నాళము విడిచి రక్తకుహరములో పడి, అవయవములను తడుపుచు, తిరిగి ఆస్టియా గుండా గుండెకు చేరును. ఇంత మాత్రము వ్రాసి పటము గీచినచో నీవు ధన్యుడవు.

శంక: అయ్యా, వైద్యవిద్యకు సీటిచ్చునది నీట్ కదా. అందు 180 ప్రశ్నలలో 90 జీవశాస్త్రమువే అయినను, పటము గీయుమని ఒక్కటియు అడుగరు. మఱి ఈ పెన్సిలు తపస్సు ఎందులకు?

సమాధానము: బోర్డు వేరు, నీట్ వేరు. మార్చిలో 8 మార్కుల పటమైన బొద్దింకయే మేలో 4 మార్కుల నల్లచుక్క అగును. చుక్క తప్పు వృత్తమున పడినచో 1 మార్కు కోత. రెంటికిని రెండు మెటీరియళ్లు, రెండు స్లిప్ టెస్టులు. ఒకే పురుగును రెండు విధముల బట్టీపట్టుట బైపీసీ వారికి మాత్రమే దక్కిన వరము.

విశేషములు: ఇందు విరోధాభాసము కలదు. రక్తమున్నది, ఎరుపు లేదు. గుండె ఉన్నది, ఆ రక్తము ఆక్సిజన్‌ను మోయదు. హీమోగ్లోబిన్ లేనందున ఆ పని వాయునాళములది. శరీరము ప్రక్కల నున్న 10 జతల శ్వాసరంధ్రములనుండి గాలి ఆ నాళములలో దూరి నేరుగా కణజాలమునకు చేరును. ఈ సంగతి శ్వాసవ్యవస్థ అను పేర, మఱియొక ప్రశ్నగా ఉన్నది. రెంటిని కలిపి చదువుమని చెప్పువారు లేరు. కలిపి అడుగువారు అంతకన్న లేరు. కలిపినచో ఒక వింత తెలియును. తల తెగిన బొద్దింక వెంటనే చావదు, కొన్నాళ్లు బ్రతుకును. ఒత్తిడి తక్కువైన రక్తము గనుక మెడనుండి ధారగా కారిపోదు, గాయము గడ్డకట్టును. ఊపిరికి ముక్కుతోను నోటితోను పని లేదు. మనిషికి ప్రాణాంతకమైనది దానికి కొన్నాళ్ల పస్తు. ఇంతటి కథను వ్యాఖ్యాతకు చెప్పినది గైడు కాదు, ఎక్కడ ముగియునో తెలియని కుతూహలము. దానికి సిలబస్‌లో చోటు లేదు.

విన్నపము: ప్రశ్నపత్రకర్తలారా! ఈసారి మూలమును ఇట్లు సవరింపుడు: "తల తెగిన బొద్దింక ఎట్లు బ్రతుకునో కారణములతో వివరించండి." మార్కులు ఆ ఎనిమిదే ఉంచుడు. పటము ఐచ్ఛికము.