బిళ్ళగన్నేరును వదిలెయ్యండి

కొన్నాళ్ళుగా బందరు నుంచి గుడివాడ దాకా పొద్దుటి నడక బృందాలన్నిటిదీ ఒకటే వైద్యం: "పరగడుపున నాలుగు బిళ్ళగన్నేరు ఆకులు. షుగరు పరారు!" దాంతో ప్రహరీల వెంట మొక్కలు మోడులవుతున్నాయి. పూలదొంగలనైతే దేవుడి పేరు చెప్పి క్షమించొచ్చు. ఆకుదొంగలకు ఆ వంకా లేదు. అసలు తమాషా లడ్డూది. బందరు తొక్కుడు లడ్డంటే శనగపిండి జంతికలు వేయించి, దంచి, జల్లించి, బెల్లంపాకం పట్టి, నెయ్యి పోస్తూ మళ్ళీ దంచి చుట్టేది. ఇంత శ్రమను ఒక్కదానితో ఆపితే చేసినవాళ్ళకు అవమానం కాబట్టి రెండు. చేతికంటిన నెయ్యి వృథా పోకూడదు కాబట్టి మూడు. ఆపైన నాలుగాకులు నమిలి జమాఖర్చు సరిపోయిందంటారు. లడ్డుకు రెండాకుల చొప్పున లెక్కగట్టే పెద్దమనుషులూ ఉన్నారు. దీపావళి నాటికి మొక్క మొక్కే మింగాలి కాబోలు.

మడగాస్కర్‌లో పుట్టిన ఈ మొక్కను జమైకాలోనూ చక్కెర జబ్బుకే కాచుకు తాగేవారు. ఆ ఆకులు తెప్పించి 1950ల్లో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ పరీక్షిస్తే ఎలుకల్లో చక్కెర తగ్గలేదు, తెల్లరక్తకణాలు పడిపోయాయి. అక్కణ్ణుంచే వింబ్లాస్టిన్ వచ్చింది. ఇదే మొక్కలోంచి పిల్లల రక్తక్యాన్సరుకు వాడే విన్‌క్రిస్టిన్ కూడా తీశారు. "క్యాన్సరుకే పనిచేసేది షుగరుకు చెయ్యదా?" అంటారు. ఆ మందు బండెడాకులోంచి చిటికెడు తీసి, కొలిచి, నరంలోకి ఎక్కించేది. తర్వాతి ప్రయోగాల్లో కొన్ని జంతువులకు చక్కెర తగ్గిన మాటా నిజమే. కానీ ఎంత విషముందో ఏ ఆకు మీదా రాసుండదు. పశువులు మూతి పెట్టవు. చదువుకున్నవాళ్ళకే సంగతి తెలియలేదు.

పువ్వుగా దానికేం తక్కువ? వాసన లేదు, జడలోకి పనికిరాదంటారు. ఒప్పుకుందాం. కానీ దివిసీమ ఉప్పుగాలికీ, రోహిణి ఎండకీ ఓర్చి ఏడాది పొడుగునా పూసే మొక్కలు ఎన్ని చూపించగలరు? వరికి ప్రాణమైన బంకనేలలో నీళ్ళు నిలిస్తే దీని వేరు కుళ్ళుతుంది. అందుకే గోడ పగుళ్ళలో, మెట్ల సందుల్లో, నీరు జారిపోయే చోట పాగా వేస్తుంది. గింజ తనే రాలి, తనే మొలుస్తుంది. పిల్లలు హైదరాబాదుకో అమెరికాకో పోయి, పెద్దలు గతించి, తాళాలు పడ్డ ఇళ్ళు మన ఊళ్ళలో తక్కువేం కాదు. ఆ వాకిళ్ళలో ఎవరూ చెంబెడు నీళ్ళు పోయకుండానే పూస్తున్నది ఇదే. దానికి సంతోషించాలో సిగ్గుపడాలో తెలియదు.

ఇప్పటికే ఆకులు నములుతున్నవాళ్ళు ఆ సంగతి మీ డాక్టరు దగ్గర దాచకండి. మాత్రలు మానకండి.