మడ్గార్డు లేని మనిషి

బుల్లెట్ బాబుని మీరు చూసే ఉంటారు. చూడకపోయినా వినే ఉంటారు. మనిషి బెంజి సర్కిల్ దగ్గర ఉండగానే అతని సైలెన్సర్ మన వీధిలోకి వచ్చేస్తుంది.

వయసు ముప్పైకి అటూ ఇటూ. వారంలో ఐదు రోజులు ఎక్సెల్ షీట్లలో గడులకి పసుపు రంగు పూస్తాడు. మేనేజరు ఆకుపచ్చ చేయమంటే ఆకుపచ్చ చేస్తాడు. ఇలా ఉండగా ఒక రాత్రి అతనికి జ్ఞానోదయమైంది: తనలో ఒక కళాకారుడు ఉన్నాడు, వాడికి ఊపిరాడటం లేదు. వీణ నేర్చుకోవచ్చు, బొమ్మలు వేయవచ్చు. కానీ వాటికి సాధన కావాలి. రాయల్ ఎన్‌ఫీల్డ్‌కి జీతం స్లిప్పు చాలు.

కొత్త బండికి వాళ్లమ్మ కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, హ్యాండిల్‌కి పూలదండ వేసింది. ఆ దండ వాడకముందే బండిని ఆటోనగర్ తీసుకెళ్లి, “కోసెయ్ బాబాయ్” అన్నాడు.

“ఏం కొయ్యాలి?” అన్నాడు మిస్త్రీ.

“స్వేచ్ఛకి అడ్డం వచ్చేదంతా.”

మిస్త్రీ ముప్పై ఏళ్లుగా లారీలకీ ట్రాక్టర్లకీ వెల్డింగ్ చేస్తున్న మనిషి. బండిలో ఆ పేరుతో ఏ పార్టూ ఉన్నట్టు అతనికి గుర్తు రాలేదు. ఫోన్లో బొమ్మ చూపించాక అర్థమైంది. “ఓ, మడ్గార్డా? తీసేస్తే బురద కొడుద్ది బాబూ.”

ఇది బాబర్ అని బుల్లెట్ బాబు ఉపన్యాసం మొదలెట్టాడు. 1930లు, 40లలో అమెరికా కుర్రాళ్లు బండి బరువు తగ్గి వేగం పెరగాలని ముందు మడ్గార్డు పీకేసి, వెనకది కురచగా కోసేవాళ్లు. అది నిజమే. ఆ తర్వాత వాళ్లు బండిని తోలారు. మనవాడు మాత్రం మడ్గార్డుతో తగ్గిన బరువుకి రెట్టింపు బరువు లావు టైరు, తోలు సంచులు, ఇనప పుర్రె బొమ్మల రూపంలో ఎక్కించాడు. ట్యాంకు తీసి పల్లీకాయంత చిన్న పల్లీ ట్యాంకు పెట్టించాడు. అంతులేని రహదారి మీద ఒంటరిగా సాగిపోవాలన్నది కల; ఆ ట్యాంకుతో బంకు నుంచి బంకుకి సాగిపోవడం వాస్తవం.

నాకు మనసు చివుక్కుమన్నది రంగు దగ్గర. బుల్లెట్ ట్యాంకు మీద సన్నటి బంగారు గీతలు ఉంటాయి కదా, వాటిని చెన్నై ఫ్యాక్టరీలో పనివాళ్లు కుంచె పట్టి చేత్తోనే గీస్తారు. స్టిక్కరు లేదు, స్కేలు లేదు. చెయ్యి వణికితే మళ్లీ మొదటికే. యంత్రాలొచ్చాక కూడా ఎన్‌ఫీల్డ్ వాళ్లు కొన్ని మోడళ్లకి ఆ పద్ధతే ఉంచుకున్నారు. మనవాడు ఆ గీతలున్న ట్యాంకుని పక్కన పడేసి, పల్లీ ట్యాంకుకి మ్యాట్ బ్లాక్ కొట్టించి, “చేతితో చేసిన కళ” అని ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాడు. ఆటోనగర్ వరసలో ఆ వారం పూర్తయిన బండ్లన్నీ మ్యాట్ బ్లాకే. ఎవరి బండి వాళ్లు ప్రపంచంలో ఇలాంటిది ఇంకోటి లేదని నమ్మారు గనక గొడవ రాలేదు.

ఫోటో కింద “నేను కట్టిన బండి” అని కూడా రాశాడు. కట్టింది మిస్త్రీ. ఈ విషయంలో బాబుని మరీ తిట్టలేం, హాలీవుడ్ కూడా ఇంతే చేసింది. 1969లో వచ్చిన ‘ఈజీ రైడర్’ సినిమాలో పొడుగు ఫోర్కుల చాపర్ చూసి ప్రపంచమంతా వెర్రెత్తిపోయింది. దాన్ని తయారు చేసిన క్లిఫ్ వాస్, బెన్ హార్డీ అనే ఇద్దరు నల్లజాతి పనిమంతుల పేర్లు చాలా ఏళ్లపాటు జనానికి తెలియనే తెలియవు. మా మిస్త్రీకి ఇన్‌స్టాగ్రామ్ లేదు కాబట్టి ఆ బాధ లేదు. అతను తిరిగేది పాత టీవీఎస్ ఫిఫ్టీ మీద. దానికి మడ్గార్డులు రెండూ ఉన్నాయి.

ఆదివారం పొద్దున్నే యాత్ర. లండన్‌లో 1938లో పెట్టిన ఏస్ కెఫే అని ఒక హోటల్ ఉంది. 1950లు, 60లలో అక్కడి కుర్రాళ్లు తోలు జాకెట్లు తొడుక్కుని గంటకి వంద మైళ్ల వేగం అందుకోవాలని పందేలు వేసుకునేవారు. కెఫే రేసర్ బండ్లు పుట్టిందక్కడే. మనవాళ్లు ఆ సంప్రదాయాన్ని నిలబెడుతూ మంగళగిరి దాకా వెళ్లి ఇడ్లీ తిని వస్తారు. లండన్ చలికి కుట్టిన జాకెట్టు రోహిణి కార్తెలో వేసుకుని, చెమటతో తడిసి ముద్దయి, “గాలి తగులుతుంటే ఉంటుంది బ్రో” అంటారు. ఎక్కడ తగిలిందో మరి.

ఇక చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపం మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణలో, అనుమతి లేని ఒక్కో మార్పుకి ఐదు వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని రాశారు. బుల్లెట్ బాబు ఒక రాత్రి కూర్చుని తన బండిలో మార్పులు లెక్కపెట్టాడు. ఎక్సెల్ షీట్లోనే. కింద మొత్తం చూసుకున్నప్పటి నుంచి ట్రాఫిక్ పోలీసు కనిపిస్తే స్వేచ్ఛాజీవి బండి దిగి నడిపించుకుంటూ పోతున్నాడు.

ఇంత చెప్పానని అతన్ని వట్టి వేషగాడు అనుకోకండి. సాయంత్రాలు మిస్త్రీ షెడ్డులో అతన్ని చూడాలి. బోర్లించిన పెయింటు డబ్బా మీద కూర్చుని, ఫుట్‌రెస్టు బ్రాకెట్టుని ఆకురాయితో అరగదీస్తుంటాడు. గోళ్లనిండా గ్రీజు, ఫోను మోగినా తీసే వీల్లేదు. మేనేజరు పది నిమిషాలు మోగించి ఊరుకుంటాడు. మిస్త్రీ పావుగంటలో తేల్చే పనికి ఇతనికి వారం పడుతుంది, పైగా వంకరొస్తుంది. అయినా దాన్ని వెలుతురుకి పట్టి చూసుకునేటప్పుడు ఆ మొహంలో ఉన్న తృప్తి హైవే మీద ఎన్నడూ చూడలేదు. అందుకే అతని బండి ఎప్పుడూ సగమే తయారై ఉంటుంది.

తప్పిజారి ఒకసారి అది పూర్తయింది. రెండు నెలలు నడిపి, విసుగొచ్చి, గుడివాడ కుర్రాడికి అమ్మేసి, ఇంకో పాత బుల్లెట్ కొని మళ్లీ షెడ్డుకి చేర్చాడు. గుడివాడ కుర్రాడూ ఆ సాయంత్రమే అక్కడికి వచ్చాడు.

“బాబాయ్, దీన్ని మామూలు బండి చేసి పెట్టు. పెళ్లి కుదిరింది, వెనక మనిషి కూర్చోవాలి.”

“కళని చంపేస్తున్నావు బ్రో!” అన్నాడు బుల్లెట్ బాబు, ఆకురాయి పక్కన పెట్టి.

మిస్త్రీ మాట్లాడకుండా అటక ఎక్కి, పాత పేపర్లలో చుట్టి దాచిన అసలు మడ్గార్డులు, సీటు, సైలెన్సర్ ఒక్కొక్కటే కిందికి అందించాడు. అన్నీ దించాక దుమ్ము దులుపుకుని బుల్లెట్ బాబు వైపు చూశాడు.

“పైన చోటు ఖాళీ అయింది. మీ కొత్తదాని సామాను ఇలా అందించండి బాబూ.”