మంచినీళ్ళు ఇనుముకి మంచివి కావు

నరసాపురంలో ఏ ఇనప సామాను తుప్పుపట్టినా తప్పు సముద్రం మీదకే పోతుంది. సఖినేటిపల్లి రేవు పంటు అడుగు పాడైనా, ఇంటి గేటు పెచ్చులుగా రాలినా "ఉప్పుగాలండీ" అంటారు. పదిహేడో శతాబ్దంలోనే ఓడలు కట్టిన ఊరు, ఆ మాట ఊరికే పుట్టలేదు. కానీ అందులోంచి పుట్టిన సలహా ఒకటుంది. ఉప్పుడు బియ్యం మిల్లులో బాయిలర్ పెట్టుకున్నవాళ్ళకి అది చాలా చేటు: "గోదావరి కాలవ నీళ్ళేగా పోస్తున్నాం, బాయిలర్‌కి భయమేంటి?" దయచేసి నమ్మకండి.

కాలవ నీళ్ళలో ఉప్పు తక్కువే, కరిగిన ఆక్సిజన్ మాత్రం ఉంటుంది. ఈ లెక్క మనవాళ్ళకి కొత్త కాదు. రొయ్యల చెరువు గట్టు మీద ఎవరినడిగినా డీవో (కరిగిన ఆక్సిజన్) ఎంతుండాలో చెబుతారు, లీటరుకి నాలుగు మిల్లీగ్రాముల కంటే దిగితే ఏరేటర్ల దగ్గరకి పరిగెడతారు. 30 డిగ్రీల దగ్గర గాలి బాగా సోకిన మంచినీళ్ళు లీటరుకి సుమారు 7.5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటాయి. రొయ్యని బతికించే ఆ ఆక్సిజనే బాయిలర్ ట్యూబుకి చిల్లు పెడుతుంది. ఇనుము ఒకచోట ఎలక్ట్రాన్లు వదిలి నీళ్ళలోకి కరుగుతుంది, మరోచోట ఆక్సిజన్ ఆ ఎలక్ట్రాన్లని అందుకుంటుంది. అందుకునేది లేకపోతే ఆ కరగడం చాలావరకు ఆగిపోతుంది. ఉప్పు ఈ పనికి దారి సుళువు చేస్తుంది, అంతే. నిజానికి సముద్రపు నీళ్ళలో ఆక్సిజన్ మంచినీళ్ళలో కంటే కాస్త తక్కువే కరుగుతుంది.

"డీఏరేటర్లూ అవీ పెద్ద ప్లాంట్లకి, మనలాంటి చిన్న మిల్లుకెందుకు?" నీళ్ళలోంచి ఆక్సిజన్ తీసేసే డీఏరేటర్ గురించి ఇది రెండో సలహా, నా దృష్టిలో అన్నిటికంటే ప్రమాదమైనది. కరెంటు తయారుచేసే ప్లాంటులో ఆవిరి చల్లబడి మళ్ళీ నీరై బాయిలర్‌కే వస్తుంది, కొత్త నీళ్ళు కొద్దిగానే కలుపుతారు. మన మిల్లులో ఆవిరిని నేరుగా వడ్లలోకి వదులుతాం. అది తిరిగి రాదు. బాయిలర్‌లోకి వెళ్ళే ప్రతి లీటరూ కొత్త నీరే, దానితోపాటు కొత్త ఆక్సిజనే. అంటే ఒక్కో లీటరు లెక్కన చూస్తే జాగ్రత్త ఎక్కువ కావలసింది మనకే.

దానికి పెద్ద ఖర్చేం అక్కర్లేదు. ఫీడ్ ట్యాంకు అడుగుకి సన్నటి పైపుతో కొంచెం ఆవిరి వదిలి నీళ్ళని 90 డిగ్రీల దాకా కాచండి. ఆ వేడిలో లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాముల చిల్లర ఆక్సిజనే మిగులుతుంది. ట్యాంకు మూతని గాలి ఆడకుండా బిగించేస్తే నీళ్ళలోంచి వచ్చిన ఆక్సిజన్ పోయేదెక్కడికి? వెంటు తెరిచే ఉండాలి. యాభైకో అరవైకో వేడెక్కగానే చాలనుకోవద్దు. అక్కడ ఇంకా సగానికి పైగా ఆక్సిజన్ ఉంటుంది, అది మూసిన బాయిలర్‌లోకి చేరాక ఆ వేడికి మరింత చురుగ్గా తింటుంది. పైగా రేకంతా సమానంగా అరగదు. నీళ్ళు లోపలికి వచ్చేచోట నాలుగు గుంటలు పడతాయి, మిగతాదంతా కొత్తదానిలాగే కనిపిస్తుంది.

వేడినీళ్ళకి పంపు గడగడలాడితే "చన్నీళ్ళు కలిపెయ్" అంటారు. కలపకండి, ట్యాంకుని ఎత్తు మీద పెట్టించండి. పంపు లోపలికి నీళ్ళు తగినంత ఒత్తిడితో దిగితే ఆ మోత తగ్గుతుంది.

మిగిలిన ఆక్సిజన్‌కి సోడియం సల్ఫైట్ వాడండి. ఒక వంతు ఆక్సిజన్‌కి దాదాపు ఎనిమిది వంతులు పడుతుంది. 30 డిగ్రీల నీళ్ళు వెయ్యి లీటర్లకి 60 గ్రాములు, 90 డిగ్రీలవైతే 13 గ్రాములకి కాస్త ఎక్కువ వేస్తే సరి. "మందు ఎక్కువ పోస్తే కాచక్కర్లేదు" అనేవాళ్ళ మాట వింటే బాయిలర్‌లో ఘనపదార్థం పేరుకుంటుంది, బాయిలర్ నీళ్ళు బయటికి వదిలే బ్లోడౌన్ ఎక్కువ చెయ్యాలి, ఊక వృథా. హైడ్రజిన్ మాత్రం ఎవరు చెప్పినా వద్దు. పవర్ ప్లాంట్లు వాడొచ్చు గానీ అది విషం. మన ఆవిరి జనం తినే గింజకి తగులుతుంది.

"అడుగున మడ్డి ఉంటే మంచిదే, ఇనుముకి ఆక్సిజన్ తగలదు" అన్నది తెలివైన మాటలాగే వినబడుతుంది. 1920ల్లోనే కేంబ్రిడ్జిలో ఎవాన్స్ అనే శాస్త్రవేత్త దీనికి సరిగ్గా ఎదురు నిరూపించాడు. ఒకే రేకు మీద ఆక్సిజన్ అందని చోటే కరుగుతుంది, బాగా అందేచోటు దాన్ని కరిగిస్తుంది. మడ్డి కిందే చిల్లు పడడానికి కారణం అదే. కాబట్టి వరద రోజుల్లో కాలవ ఎర్రనీళ్ళని తేర్చి, వడకట్టి వాడండి.

సీజన్ అయ్యాక నీళ్ళు వదిలేసి మేన్‌హోల్ తెరిచిపెడితే ఆరుతుందంటారు. మన తీరపు గాలికి అది ఆరదు. తడిపొర మీద కావలసినంత గాలి ఆడుతుంది. పూర్తిగా ఆరబెట్టి, లోపల పళ్ళేల్లో నీరు తగలని కాల్చిన సున్నం పెట్టి మూసెయ్యాలి. లేదా సల్ఫైటూ క్షారమూ కలిపిన నీళ్ళతో పైదాకా నింపి ఉంచాలి. సగం నింపి వదిలెయ్యడం మాత్రం ఏ లెక్కనా తప్పే.

ఇంత చెప్పాక ఆక్సిజన్ ప్రతి లోహానికీ శత్రువని కూడా అనుకోకండి. స్టెయిన్‌లెస్ స్టీల్‌ని కాపాడే పొర ఆక్సిజన్‌తోనే ఏర్పడుతుంది. కొన్ని భారీ పవర్ ప్లాంట్లలో అతి శుద్ధమైన నీళ్ళలోకి కావాలనే కాస్త ఆక్సిజన్ ఎక్కిస్తారు, మామూలు స్టీలు మీద కూడా గట్టి పొర కట్టడానికి. ఆ నీళ్ళలో లవణాలు లేనట్టే లెక్క. కాలవ నీళ్ళు అలాంటివి కావు, ఆ పద్ధతి మన మిల్లులో పనికిరాదు.