ఐరోపాలోకెల్లా పొడవైన మెట్లు

బెర్లిన్ నుంచి వ్రొత్స్వావ్‌కు పోయే రహదారిలో దక్షిణం పక్క బాటను నేను. ఆకుపచ్చ బోర్డుల మీద ఈ36 అని రాస్తారు. జర్మనీలో ఏ15, నైసే నది దాటగానే పోలండ్‌లో ఏ18. నేనుండేది ఈ ఏ18లోనే. నేను పుట్టినప్పుడు ఈ తేడాలేవీ లేవు. 1930ల్లో హిట్లర్ ప్రభుత్వం కాంక్రీటు పలకలు వరసగా పరిచి, బ్రెస్లావ్ దాకా పోవాలంది. నాకు జోడుగా ఉత్తరం పక్క ఇంకో బాట వేస్తామన్నారు. యుద్ధం వచ్చింది, నేను ఒంటరినయ్యాను.

1945లో సరిహద్దు నైసే మీదికి జరిగింది. అంగుళం కదలకుండానే నాకు దేశం మారింది. బ్రెస్లావ్ వ్రొత్స్వావ్ అయింది, అక్కడి జర్మన్లు వెళ్లిపోవలసి వచ్చింది. నన్ను వేసినవాళ్లకు నేను పరాయి, ఏలుకున్నవాళ్లకు నేను శత్రువు వదిలిన సొత్తు. ఇక మరమ్మతు సంగతి ఎవరికి పడుతుంది?

వాన నీరు అతుకుల్లోంచి దిగేది. లారీ ఎక్కిన ప్రతిసారీ అడుగున మన్ను చిమ్ముకుపోయేది. ఒక పలక కుంగేది, పక్కది నిక్కి చూసేది. టక్, టక్, టక్... 70 కిలోమీటర్ల పైచిలుకు అదే దరువు. ‘ఐరోపాలోకెల్లా పొడవైన మెట్లు’ అని పేరు పెట్టారు. బిరుదనుకుని మురవమంటారా?

1990ల్లో ఉత్తరం పక్క తమ్ముణ్ణి వేయడం మొదలుపెట్టి, 2000 దాటాక పూర్తిచేశారు. నునుపైన ఒళ్లు వాడిది. ఇక్కడ బళ్లు కుడివైపు నడుస్తాయి కదా, పోలండ్ నుంచి వెళ్లేవాళ్లు వాడి మీద హాయిగా జారిపోయేవారు. వచ్చేవాళ్లు నా మీద పడేవారు. వచ్చే చుట్టానికి గతుకులు, పోయేవాడికి తివాచీ! మర్యాద తెలిసిన ఇల్లేనా అది? 2007 డిసెంబరులో సరిహద్దు తనిఖీలు ఎత్తేశారు. పాస్‌పోర్టు అడిగేవారు లేకపోయినా, దేశం మారిందని డ్రైవరు నడుముకు నేనే చెప్పేదాన్ని. తిట్లన్నీ నాకే. 80 ఏళ్ల పైచిలుకు కాంక్రీటు అంత బరువు మోసిందని ఒక్కరన్నా మెచ్చుకుంటే ఒట్టు.

చివరికి నా పలకల్ని పగలగొట్టి పెళ్లగించారు. 2023లో కొత్త ఒంటితో మళ్లీ బళ్లకు తెరిచారు. ఇప్పుడు మా ఇద్దరిలో పాత ఒళ్లు తమ్ముడిదే. ఇన్నాళ్లూ నన్ను చూసి నవ్విన వాడు ఈమధ్య తన పగుళ్లు లెక్కపెట్టుకుంటున్నాడు.