శిశిరోపాహార ఫలకము: టీకా తాత్పర్య సహితము

అవతారిక

ఆదికవి నన్నయ భారతం మొదలుపెట్టిన ఊరు రాజమహేంద్రవరం. ఆ ఊళ్ళోనే మా వీధి మొగలో ఒక కాఫీ హోటలుంది. ఆరు బల్లలు, ఒక గల్లాపెట్టె, గల్లా వెనక గోడకి ఒక నల్లబల్ల. ఆ నల్లబల్లే మన కావ్యం. కవి హోటలు యజమాని. ఆయనకి బిరుదుల్లేవు, వీధంతా బాబాయిగారంటుంది. కృతిభర్తలెవరంటే, ఖాతా రాయించుకుని నెలాఖరున ఇచ్చుకునే మాబోటివాళ్ళం. కాలం మాఘమాసం. సంక్రాంతి వెళ్ళింది, శివరాత్రి రాలేదు. పొద్దున్న ఎనిమిదైనా గోదావరి మీద మంచు లేవదు. మధ్యాహ్నం మాత్రం ఫ్యాను ఒకటో నెంబరు మీద వేసుకోవచ్చా కూడదా అని ధర్మసందేహం.

మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మల్లినాథ సూరి ఒట్టు పెట్టుకున్నాడు. ఈ వ్యాఖ్యాత అలాంటి ఒట్లేవీ పెట్టుకోలేదు. ఎదురుగా కాఫీ ఉంది. అది చల్లారేలోపు చేతనైనంత చెబుతాడు.

మూలము

పెసరట్టు ఉప్మా ఉ. 6 గం. నుండి. ఇడ్లీ 7 తర్వాత.
ఆదివారం పనసపొట్టు కూర. ఉన్నంతవరకే.
తేగలు కలదు.
సా. 4 గం.లకు వేడి వేడి మిరప బజ్జి. వాము వేసినది.
కాఫీ 20/- సహకరించగలరు.
శివరాత్రి సెలవు. మర్నాటి నుండి మజ్జిగ.

ఛందస్సు: ఇది పద్యమా వచనమా అని అడిగేవారు బల్లని చూడలేదన్నమాట. పాదం ఎక్కడ ఆగాలో బల్ల అంచు చెబుతుంది. సుద్దముక్క విరిగినచోట యతి. ప్రాస నియమం లేదు, ధర నియమం ఉంది.

పాఠాంతరము: మొదటి పాదం కింద తడిగుడ్డకి లొంగని అక్షరాలు కొన్ని కనిపిస్తున్నాయి: ‘ధను... స్పెషల్ క... పొంగలి’. ధనుర్మాసం భోగితోనే వెళ్ళిపోయింది కనుక ఇది ప్రక్షిప్తమని నవీనులు. ప్రక్షిప్తమైతే తర్వాత వచ్చి చేరాలి, ఇది ముందునుంచీ ఉన్నది, దీని నెత్తిన ఎక్కిన పెసరట్టే ప్రక్షిప్తమని ప్రాచీనులు. గల్లా దగ్గర విచారించగా ‘పొంగలి లేదండీ’ అని తేలింది. నవీనులు నెగ్గారు.

మొదటి పాదము

ప్రతిపదార్థము: పెసరట్టు = పెసలు నానబోసి, అల్లము పచ్చిమిరపకాయలతో రుబ్బి, పెనముమీద పలుచగా తిప్పిన అట్టు; ఉప్మా = తద్గర్భమందు వసించు బొంబాయిరవ్వ పదార్థము; ఉ. = ఉదయమున (ఉప్పు అని కొందఱు, అది పొసగదు); 6 గం. నుండి = ఆఱు గంటలు మొదలుకొని; ఇడ్లీ = ప్రసిద్ధము; 7 తర్వాత = ఏడు దాటిన పిమ్మట.

విశేషము: ఇడ్లీ ఒక గంట వెనకబడటానికి కారణమేమి? వంటమాస్టరు దుప్పటి వదలకపోవడమేనని కిటికీ పక్క బల్ల వ్యాఖ్యాత. ఇది అపవాదు. ఇడ్లీపిండి రాత్రంతా పులియాలి. వేసవిలో అయితే అర్ధరాత్రికే మూత తోసుకుని గట్టు మీదికొస్తుంది. ఈ చలిలో తెల్లారినా పెట్టినచోట పెట్టినట్టే ఉంటుంది. అందుకే మాస్టరు ఆ గిన్నెకి గోనెపట్టా చుట్టి, ఆర్పిన పొయ్యి పక్కన వెచ్చగా పడుకోబెట్టి మరీ ఇంటికెళతాడు. పెసరట్టుకి ఈ పేచీ లేదు. రాత్రి నానబోస్తే పొద్దున్న రుబ్బి పోసెయ్యడమే, పులవక్కర్లేదు. కనుక ఈ పాదం టిఫిన్ల గురించి కాదు, చలి గురించి. పుష్యమాసంలో ఇదే చోట ‘ఏడున్నర తర్వాత’ అని ఉండేది. ఇప్పుడు ఏడైంది. పేపర్లో డిగ్రీలు వేస్తారు. మా వీధిలో చలిని ఇడ్లీ గంటల్లో కొలుచుకుంటాం.

తాత్పర్యము: చలి తగ్గుచున్నది కాని పోలేదు.

రెండవ పాదము

ప్రతిపదార్థము: ఆదివారం = భానువాసరమున; పనసపొట్టు = లేత పనసకాయను సన్నగా కొట్టగా వచ్చిన తునుకల యొక్క; కూర = కూర; ఉన్నంతవరకే = ఎంతవరకు ఉండునో అంతవరకు మాత్రమే.

విశేషము: పొట్టంటే పైతొక్క కదా, తొక్కతో కూరేమిటని నవ్వే పైప్రాంతపు చుట్టాలు ప్రతి ఇంటికీ ఒకరుంటారు. వారిని మార్కెట్టుకి తీసుకెళ్ళాలి. అక్కడ గోనెపట్టా మీద కూర్చున్న ఆవిడ ముళ్ళతొక్క చెక్కేసిన కాయని ఎడంచేత్తో తిప్పుతూ కుడిచేత్తో కత్తి ఆడిస్తుంటుంది. టకటకటకా ఒకటే లయ. కాయలో పాలు బంకలా అంటుకోకుండా చేతులకీ కత్తికీ నూనె. బేరం మనతో, కబుర్లు పక్క కొట్టావిడతో, వేళ్ళకేసి ఒక్కసారి కూడా చూడదు. చూసే మనకే గుండె దడ. ఇది రౌద్రంలా మొదలై అద్భుతంలా ముగిసే రసం.

ఆ పొట్టుని ఉప్పూ పసుపూ వేసి ఉడికించి, నీళ్ళు పిండి, చింతపండు పులుసుతో మగ్గించి, శెనగపప్పు, మినప్పప్పు, ఎండుమిరపకాయలు, ఇంగువ, చెయ్యి బాగున్న నెలైతే జీడిపప్పు, ఇన్నిటితో పోపు పెట్టి, పొయ్యి మీంచి దించాకనే ఆవ కలపాలి. పొయ్యి మీద ఉండగా కలిపితే చేదెక్కుతుంది. ఈ ఒక్క క్షణం దగ్గరే కోడళ్ళ పేర్లు నిలిచాయి, పోయాయి.

చలికాలానికీ ఆవకీ ఉన్న సంబంధానికి ప్రమాణం కావాలంటే ఆముక్తమాల్యద చూడండి. అందులో విష్ణుచిత్తుడు అతిథులకి ఏ కాలానికి తగ్గ వడ్డన ఆ కాలంలో చేస్తాడు. చలిరోజుల విస్తట్లో మిరియాలపొడి పడ్డ వేడికూరలూ, ముక్కుకెక్కే ఆవపచ్చళ్ళూ ఉన్నాయి. మిరపకాయ ఊసు లేదు, అది అప్పటికింకా పోర్చుగీసు ఓడల సరుకు. రాయలకి దొరకని సౌఖ్యం మనకి నాలుగో పాదంలో దొరుకుతుంది. కంగారు పడొద్దు.

శంక: బల్ల మీద పనసపొట్టు ఉన్నదని ఉంది. పదకొండున్నరకి కూర్చున్నవాడికి సప్లయరు కుర్రాడు ‘అయిపోయిందండీ’ అన్నాడు. ఏది ప్రమాణం?

సమాధానము: రాసిపెట్టినది స్మృతి. నోటితో పలికినది శ్రుతి. బల్ల స్మృతి. ‘ఇడ్లీవడపెసరట్టుపెసరట్టుప్మాపూరీమైసూరుబజ్జీ’ అని ఊపిరి తిప్పుకోకుండా కుర్రాడు చదివేది శ్రుతి. రెంటికీ విరోధం వస్తే శ్రుతిదే పైచెయ్యి అని మీమాంసకులు ఏనాడో తేల్చేశారు. అప్పీలు లేదు. అయితే ఆ కుర్రాడే వంటింట్లోకి తొంగిచూసి వచ్చి ‘ఒక్క ప్లేటుందండీ’ అంటే అది కూడా శ్రుతే. పరుగెత్తాలి.

‘ఉన్నంతవరకే’ చివరున్న ఏకారాన్ని అశ్రద్ధ చేయకూడదు. అవధారణార్థకమైన ఆ ఒక్క ‘ఏ’ మీదే కావ్యమంతా నిలబడి ఉంది. పనసకాయ నాలుగు వారాలు ఆగితే గింజ కడుతుంది, పీచు గట్టిపడుతుంది, ఇక దాని దారి పండు దారి. పొట్టు పనసకి పసితనం. ఏడాది పొడవునా దొరికే పూరీకి ‘వరకే’ అని ఏ కవైనా రాశాడేమో చూడండి.

తాత్పర్యము: ఆదివారము పదిన్నరకే రావలెను.

మూడవ పాదము

ప్రతిపదార్థము: తేగలు = తాటిటెంకలు మొలచుటచే నేలలో ఊరిన దుంపలు; కలదు = ఉన్నది.

విశేషము: తాటిపళ్ళ కాలంలో తినేసిన టెంకల్ని ఇసకనేలలో పాతరేస్తే రెండు మూడు నెలలకి దుంప ఊరుతుంది. చలికాలంలో తవ్వి, కాల్చో తంపటేసో కట్టలు కట్టి అమ్ముతారు. తినడానికి పళ్ళు కావాలి, పీచు తీసుకోవడానికి తీరిక కావాలి. రెండూ ఒకే వయసులో ఉండవు.

ఇక్కడ వైయాకరణుల గోల. తేగలు బహువచనం, కలదు ఏకవచనం. ‘కలవు’ అనవలె, కనుక దోషమని ఎదురింటి రిటైర్డు తెలుగు మాస్టారు. కవిని కాపాడటం వ్యాఖ్యాత ధర్మం. తేగలెన్ని ఉన్నా తేగతనం ఒక్కటే కదా, కాబట్టి ఇది జాత్యేకవచనం. పైగా పెద్దవాళ్ళు రాస్తే ఆర్షప్రయోగమంటాం, బాబాయిగారికి అరవై దాటాయి.

తాత్పర్యము: స్పష్టము.

నాల్గవ పాదము

ప్రతిపదార్థము: సా. = సాయంకాలమున; 4 గం.లకు = నాలుగు గంటలకు (నాలుగుంబావని లోకవ్యవహారము); వేడి వేడి = మిక్కిలి వేడియైన; మిరప బజ్జి = బజ్జీమిరపకాయను శెనగపిండి జారులో ముంచి నూనెలో వేచిన భక్ష్యము; వాము వేసినది = వాముతో కూడినది.

విశేషము: ‘వేడి వేడి’ ఆమ్రేడితం. రెండో వేడికి పనేమిటని అడగొచ్చు. మొదటి వేడి మూకుట్లోది, రెండోది నాలికమీది.

నాలుగవుతూంటే మాస్టరు మూకుడు పెట్టి, వేలిచివర పిండి తీసి ఒక్క చుక్క నూనెలో విదుల్చుతాడు. చుక్క అడుగునే కూర్చుంటే ఇంకా ఆగాలి. పైకి తేలి గిరగిరా తిరిగితే సమయమైనట్టు. ఆ చుక్క కోసం ఎదురుచూసేవాళ్ళు గుమ్మంలో అప్పటికే పదిమంది. వేగి వచ్చినదాన్ని నిలువునా చీల్చి, ఉల్లిముక్కలు కూరి, నిమ్మకాయ పిండి, పేపరు ముక్కలో పెట్టి ఇస్తాడు. నిన్నటి వార్త మీద నేటి నూనె.

అలంకారశాస్త్రంలో సాత్త్వికభావాలు ఎనిమిది. మొదటి కొరుకుతో స్తంభం. రెండోదానికి స్వేదం. మూడోదానికి అశ్రువు. ఆ తర్వాత నీళ్ళగ్లాసు అడగబోయినవాడికి స్వరభంగం. మిగిలిన నాలుగూ గింజల్లో ఉంటాయి. నాయిక కనబడితే కలగవలసినవన్నీ ఐదు నిమిషాల్లో బజ్జీ వల్ల కలుగుతున్నాయి కనుక ఇది శృంగారమేనని కొందరు. ఇంటికెళ్ళాక సోడా తాగాల్సి వస్తోంది కనుక కరుణమని ఇంకొందరు. ఆ కరుణ రసానికి విరుగుడుగానే కవి ‘వాము వేసినది’ అని ముందే సూచించాడు. శెనగపిండి కడుపులో చేసే అల్లరికి వాము మందని తెలుగువాళ్ళకి చెప్పక్కర్లేదు. రోగమూ ఔషధమూ ఒకే పాదంలో ఇమిడ్చిన కవులు అరుదు.

తాత్పర్యము: తినవలెను. రెండుకు మించరాదు. మించుదురు.

అయిదవ పాదము

ప్రతిపదార్థము: కాఫీ = కాఫీ; 20/- = ఇరువది రూపాయలు; సహకరించగలరు = సహకరించుటకు సమర్థులు.

విశేషము: రెండు పక్కన సున్నా కింద ఒక అయిదు నీడలా కనిపిస్తోంది. పూర్వపాఠం పదిహేనని పండితులు గుర్తుపట్టారు. ‘సహకరించండి’ అంటే ప్రార్థన, ‘సహకరించాలి’ అంటే శాసనం. కవి రెండూ అనలేదు. ‘సహకరించగలరు’ అన్నాడు. గల ధాతువుకి సామర్థ్యం అర్థం. అంటే మీరు సహకరించే శక్తి ఉన్నవారని పొగిడాడు. పొగిడించుకున్నవాడు అయిదు రూపాయల కోసం వాదించలేడు. వాచ్యార్థం పొగడ్త, వ్యంగ్యార్థం పెంపు. ధ్వనికి ఇంతకన్న మంచి ఉదాహరణ మన వీధిలో లేదు.

తాత్పర్యము: సహకరించితిమి.

ఆఱవ పాదము

ప్రతిపదార్థము: శివరాత్రి = మాఘ బహుళ చతుర్దశి నాడు; సెలవు = విరామము; మర్నాటి నుండి = ఆ మఱుసటి దినము మొదలు; మజ్జిగ = మజ్జిగ.

విశేషము: శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని సామెత. మన కవికి ఆ సామెత మీద ఎంత గురి అంటే, ఏకంగా మజ్జిగకి తేదీ వేసేశాడు. వీధి అంతా ఉపవాసమున్నరోజు హోటలు తెరిచి కూర్చోవడం దండగ. అది భక్తి, గిట్టుబాటు ఒక్కటైన అరుదైన తిథి. మజ్జిగ తర్వాత క్రియ లేదు. కలదా, ఇవ్వబడునా, ఎంతకు? వాక్యం ఆకాంక్షతో ముగిసింది. మజ్జిగ అడిగేవాడికీ ఉండేది ఆకాంక్షే కనుక దోషం లేదు.

తాత్పర్యము: ఋతువు మారును.

ఫలశ్రుతి

చలికి బజ్జి తినుచు సాయంత్ర వేళలో
బోర్డు చదివినట్టి పుణ్యమతికి
వేడి కాఫి దొరకు వెనువెంటనే బల్ల
ఖాళి యగును చట్ని కలుగు కొసరు

గద్య

ఇది శ్రీమద్వీధిమొగ కాఫీపానలబ్ధ ప్రతిభావిశేష, ఖాతాపుస్తక చతుర్థపత్రస్థిత నామధేయ, కొసరుచట్నీ యాచనా విశారద ప్రణీతంబైన శిశిరోపాహార ఫలక వ్యాఖ్యయందు సర్వంబును ఏకాశ్వాసము.

అనుబంధము

వ్యాఖ్య ముగిసేనాటికి శివరాత్రి వెళ్ళింది. మర్నాడు పొద్దున్నే కాగితాలు పట్టుకుని హోటలుకి వెళ్ళేసరికి బాబాయిగారు స్టూలెక్కి తడిగుడ్డతో మూలం తుడిచేస్తున్నారు. పనసపొట్టు అప్పటికే పోయింది, బజ్జీ సగం పోయింది. మూలం నశించి వ్యాఖ్య మిగిలిన గ్రంథాల గురించి చదివాను గానీ కళ్ళముందు నశించడం ఇదే చూడటం. ఉండబట్టలేక అడిగాను.

“బాబాయిగారూ, తేగలు ‘కలదు’ అని ఏకవచనం వేశారేంటండీ?”

ఆయన గుడ్డ పిండుకుంటూ ఒక్క క్షణం ఆలోచించారు.

“ఆయ్, అప్పటికి ఒక్క కట్టే మిగిలిందండీ.”

మల్లినాథుడికి కాళిదాసు ఎదురుపడకపోవడం ఎంత అదృష్టమో ఆ క్షణాన అర్థమైంది. కాగితాలు మడిచి, కాఫీ చెప్పి కూర్చున్నాను. ఆయన కొత్త సుద్దముక్క తీసి, ఇంకా తడి ఆరని బల్లమీద మొదటి పాదం రాశారు.

‘ఇడ్లీ 6 గం. నుండి.’

దీనికి టీక అక్కర్లేదు. మెడలో మఫ్లరు తీసి సంచిలో పెట్టుకున్నాను.